గవ్వ తల మీద చెయ్యి

మఖ కార్తె, మంగళవారం

కుక్కలున్న ఇళ్లవాళ్లంతా ఇకనుంచి కుక్కల సంగతులు రాసిపెట్టాలని లంక సంఘం నుంచి మంగతాయారు వచ్చి చెప్పి వెళ్లింది. నాచు పెంచే తాళ్లు గీరడానికే నాకు పొద్దు చాలదు. దానికి తోడు ఈ రాతకోతలు. రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను, అంతే.

నా పేరు వీరవేణి. ఏడో లంకలో చివరి తెప్ప మాది. లంక అంటే ఏటి మధ్య ఇసుకదిబ్బ అని మా అమ్మమ్మ కాలంలో అనుకునేవారు. ఇప్పుడు సముద్రం మీద ఒకదానికొకటి కట్టుకుని తేలే తెప్పల గుంపును లంక అంటున్నాం. మా తెప్ప మీద నేను, మా ఆయన దొరబాబు, గవ్వ ఉంటాం. గవ్వ మా కుక్క. తెల్లగా ఉంటుంది, వీపు మీద గోధుమరంగు చారలు. దీని అంత మర్యాద తెలిసిన కుక్క ఈ లంకలో లేదు. మనుషుల్లోనే తక్కువ. పిలిస్తే వచ్చేది, పలకవంతెన దగ్గర ఆగమంటే ఆగేది, కింద పడిన తిండి వద్దంటే ముట్టేది కాదు. అదంతా నా పెంపకమేనని నలుగురిలో చెప్పుకునేదాన్ని కూడా.

నిన్న పొద్దున్న కుక్కల మెడలకున్న మెప్పుపట్టీలన్నీ ఒకేసారి చచ్చిపోయాయి. తీరపు గట్టు మీద వాటిని నడిపే కేంద్రానికి కరెంటు చాలక మూసేశారట, మళ్లీ తెరవరట. పట్టీ మెడకు ఉన్నన్నాళ్లూ, కుక్క మంచిపని చెయ్యగానే దాని తలలో ఏదో సంతోషం పుట్టించేది. మనం తిండి పెట్టక్కర్లేదు. ఇక్కడ మనిషికే కొలిచి పెట్టే తిండాయె. పలకరించక్కర్లేదు కూడా. పట్టీ మీద పచ్చదీపం మెరిసిందా, పని అయిపోయిందన్నమాటే.

ఇవాళ గవ్వను పిలిచాను. సగం దూరం వచ్చి, మెడ దులుపుకుని, రావలసిందేదో రాలేదన్నట్టు అక్కడే నిలబడింది. నేనే దగ్గరికి వెళ్లి తల మీద చెయ్యి పెట్టి "వచ్చావు" అన్నాను. లంకల్లో అంతకు మించిన మెప్పు ఎవరికీ లేదు, కుక్కకు మాత్రం ఎందుకుంటుంది.

మఖ, శనివారం

ఇది గట్టువాళ్లెవరైనా చదివితే తలలెక్క అంటే ఏమిటో తెలియదేమో. మొదటి తుఫాను నాడు దీపాలన్నీ ఆరిపోయాయి. జనం ఒకరి వెనక ఒకరు పలకవంతెన దాటి లంగరు తెప్ప మీదికి వస్తుంటే, ఒకాయన అంచున నిలబడి చీకట్లో ప్రతి తలా తాకి "వచ్చావు" అంటూ లెక్కపెట్టాడు. సముద్రం అడుగుకు గొలుసులేసి కట్టింది ఆ ఒక్క తెప్పనే. దాని మీదికి చేరినవాళ్లే మిగిలారు. ఆయనే ఇప్పటి మా లంగరు తాత. అప్పటినుంచీ తలమీద చెయ్యి మాకు ఆచారమైంది. పెళ్లికూతురు అత్తవారి తెప్ప ఎక్కినా, పసిబిడ్డను తొలిసారి బయటికి తెచ్చినా, ఎవరేం మంచిపని చేసినా తల మీద చెయ్యి పెట్టి "వచ్చావు" అంటాం. నేను మూడో లంక ఆడపడుచును. అక్కడా ఇంతే.

ఇవాళ సంఘం సమావేశంలో మంగతాయారు కొత్త నిబంధన చదివింది. చిత్త కార్తె తొలి ఆదివారం తుఫాను కసరత్తు. సైరను మోగగానే కుక్క పిలిస్తే రావాలి, గొలుసు లేకుండా వంతెన దాటాలి, తలలెక్కకు నిలబడాలి. అలా చెయ్యని కుక్కను మరునాటి పడవలో గట్టు మీది దొడ్డికి పంపేస్తారు. ఆ దొడ్డిలో వేసిన కుక్క తిరిగి రావడం ఎవరూ చూడలేదు.

"పట్టీలు పోతే మమ్మల్నేం చెయ్యమంటారండి?" అని మా పక్క తెప్ప రత్తమ్మ పిన్ని అడిగింది.

"పోయినేడు పట్టీ ఊడిపోయి కుక్క రాలేదని ఎనక్కెళ్లినాయన కాలు రెండు తెప్పల మధ్య నలిగిపోయింది పిన్నిగారూ. ఆయన ఇప్పటికీ మంచం దిగలేదు. మీరే చెప్పండి నన్నేం చెయ్యమంటారో" అంది మంగతాయారు. ఆవిడ చెడ్డ మనిషి కాదు. చెప్పేది న్యాయంగానే ఉంటుంది, అదే వచ్చిన బాధ.

నేను మాత్రం నిబ్బరంగానే ఇంటికి వచ్చాను. గవ్వకు మర్యాదలన్నీ వచ్చు. కాస్త గుర్తుచేస్తే చాలు.

పుబ్బ, గురువారం

గవ్వ రావడం మానేసింది.

మొదట్లో సగం దూరం వచ్చేది. తరవాత నాలుగు అడుగులు. ఇప్పుడు పేరు పెట్టి పిలిస్తే లేచి, నీళ్ల పీపా వెనక్కి వెళ్లి పడుకుంటోంది. పట్టీ మెప్పు లేదు కదా, ఆ లోటు నేను తీర్చాలనుకుని వచ్చినప్పుడల్లా రెండు చేతులూ తల మీద పెట్టి మరీ మెచ్చుకున్నాను. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు, వచ్చే ఆ కాస్తా పోయింది. దాని సాయంత్రపు నాచు ఉండల్ని ఒక్కొక్కటే చేతిలో చూపించి పిలిచాను. ఎలాగూ రాత్రికి గిన్నెలో పడేవేనని దానికి తెలుసు. వాసన చూసి తల తిప్పేసుకుంది.

మనుషుల మీదికి ఎగరడంలో రత్తమ్మ పిన్ని కుక్క బస్తా మళ్లీ మొదటికొచ్చింది. అది ఎగిరినప్పుడల్లా పిన్ని "ఒద్దురా, దిగరా, నాయనా" అని రెండు చేతులతో తోస్తుంది. దానికి అంతకంటే ఆట ఏముంది. "పిన్నీ, నువ్వు దాన్ని తిడుతున్నావా, ఆడిస్తున్నావా" అన్నాను. "నీ గవ్వ పీపా ఎనకాల తపస్సు చేసుకుంటందంట కదే, ముందు దాన్ని లేపుకో" అంది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నోరు మూసుకున్నాను.

ఒంటికి మండే విషయం ఇంకోటుంది. నేను గొంతు చించుకున్నా రాని ఈ కుక్క, మా ఆయన తాళ్లు ముడేసుకుంటూ కూర్చుంటే పిలవకుండానే వెళ్లి ఆయన మోకాలికి ఆనుకుని నిలబడుతుంది. ఆయన దాన్ని చూడను కూడా చూడడు.

పుబ్బ, సోమవారం

పొద్దున్న గంజి తాగుతూ మా ఆయనతో అన్నాను, ఇలాగే ఉంటే గవ్వను పడవెక్కించడం తప్పదేమోనని. ఆయన గిన్నె కింద పెట్టాడు.

"అది పడవెక్కితే నేనూ ఎక్కుతాను" అన్నాడు.

"ఎక్కి?"

"గట్టు మీద గొలుసుల పని ఉంటది. దొడ్డి పక్కనే ఉంటాను."

"మరి నేనో?"

ఆయన పది మాటలకు ఒక మాట ఆడే మనిషి. ఆ ఒక్కటీ ఆడితే మళ్లీ మార్చడు. ఆయన మాట నిలబెట్టుకుంటాడని నాకు ఇరవై రెండేళ్లుగా తెలుసు కాబట్టే భయమేసింది. గవ్వ అంటే నాకూ ప్రాణమే. కానీ ఒక కుక్క కోసం ఇల్లు రెండు ముక్కలవుతుందా అని కోపం కూడా వచ్చింది. ఎవరి మీద కోప్పడాలో తెలియక తాళ్ల మీద చూపించాను. ఇవాళ నేను గీరినంత శుభ్రంగా నాచు తాడును ఎవరూ గీరి ఉండరు.

ఉత్తర, బుధవారం

ఉత్తర చూసి ఎత్తర గంప అన్నారు. ఉత్తరలోనూ వాన పడకపోతే గంప ఎత్తుకుని ఊరు విడవమని. నేనూ ఉత్తర దాకానే చూద్దామనుకున్నాను. ఇవాళ ఒక సంగతి తెలిసింది. రాయడానికి సిగ్గుగా ఉంది.

మా ఆయన తాడు ముడేస్తున్నాడు. గవ్వ ఎప్పట్లాగే ఆయన మోకాలి దగ్గరుంది. నేను కాస్త దూరంలో కూర్చుని అడిగాను.

"మీరు దీనికి చాటుగా ఏం పెడతారండి?"

"ఏం పెట్టను."

"ఏమైనా అంటారా?"

"ఏమంటాను."

"తల మీద చెయ్యేస్తారా?"

"ఎయ్యను" అన్నాడు. అని మళ్లీ ముడిలోకి దిగిపోయాడు.

ఆలోచిస్తే నిజమే. గవ్వను తెచ్చిన ఈ ఆరేళ్లలో ఆయన దాని తల మీద చెయ్యి వెయ్యగా నేను చూడలేదు. గవ్వ తల మీదే కాదు, ఎవరి తల మీదా. ముభావం మనిషి కదా, అదొక తీరనుకున్నాను.

లేచి గవ్వ దగ్గరికి వెళ్లాను. పిలవలేదు. నోరు విప్పకుండా, దాని తలకు పైగా చెయ్యి ఎత్తి అక్కడే ఆపాను. పెట్టలేదు. ఈసారి దాని ముఖం చూశాను. చెవులు వెనక్కి అతుక్కుపోయాయి. నాలుకతో మూతి నాకుంది. కళ్లు పక్కకు తిప్పుకుంది, కళ్లలో తెల్లభాగం కనబడింది. తోక కాళ్ల మధ్యకు పోయింది. చెయ్యి దించేశాను. ఒళ్లు దులుపుకుంది. మళ్లీ ఎత్తాను. మళ్లీ అంతే.

భయపడుతోంది. పైనుంచి దిగే చెయ్యంటే దానికి భయం. నిన్నో మొన్నో పుట్టిన భయం కాదు. ఆరేళ్లుగా రోజూ దాని తల మీద చెయ్యి పెడుతూనే ఉన్నాను, అది భయపడుతూనే ఉంది, ఆ వెనకే పట్టీ ఇంత సంతోషం పోసి ఆ భయాన్ని కప్పేస్తోంది. నేను చూసింది పచ్చదీపాన్ని, కుక్కను చూడలేదు. పట్టీ ఆగిపోయాక మిగిలింది నా చెయ్యి ఒక్కటే. వస్తే చెయ్యి పడుతుంది, రాకపోతే పడదు. రాకూడదని దానికి నేనే ఓపిగ్గా నేర్పాను.

నీళ్ల పీపా పక్కన కూర్చుని ఏడ్చాను. గవ్వ వచ్చి నా వైపు చూసి, నేను చెయ్యి ఎత్తనని నమ్మకం కుదిరాక అడుగు దూరంలో పడుకుంది.

ఉత్తర, శనివారం

చెయ్యి మానేశాను. మరి దేనితో మెచ్చుకోవాలి? తిండి లేదు, చెయ్యి పనికిరాదు. దానికేం ఇష్టమో దాన్నే అడగాలనిపించింది. అడగడమంటే చూడటమే. రెండు రోజులు పని చేసుకుంటూ కనిపెట్టాను.

గవ్వకు ఇష్టమైంది తడి తాడు. నీళ్లలోంచి అప్పుడే పైకి లాగిన తాడు, నాచు, నత్తలు, దాంట్లో దాక్కున్న చిన్న పీతలు. ఆ తాడు మీద ముక్కు పెట్టి ఈ కొసనుంచి ఆ కొసకు చదువుతుంది. ఇన్నాళ్లూ పని పాడవుతుందని దాన్ని తరిమేదాన్ని. ఇంట్లోనే బంగారం పెట్టుకుని ఊళ్లో అప్పు అడిగిన తెలివి నాది.

బేరం పెట్టాను. తాడు లాగి కాలికింద తొక్కిపట్టి, పక్కకు తిరిగి నిలబడి "గవ్వా" అన్నాను. పీపా వెనకనుంచి తల బయటికి పెట్టింది. నాలుకతో టక్కుమనిపించి, కాలు తీసి, "పో, చూసుకో" అన్నాను. పరుగున వచ్చి తాడు మీద పడింది. చెయ్యి కదపలేదు. ఆ మధ్యాహ్నానికి పీపా దగ్గర్నుంచి నా కాళ్ల దాకా రావడం మొదలుపెట్టింది.

మధ్యలో ఒక తెలివితక్కువ పని కూడా చేశాను. అది వచ్చి నిలబడ్డాక మురిసిపోతూ చూస్తూ ఉండిపోయి, ఆలస్యంగా టక్కుమన్నాను. అప్పటికి అది కూర్చుని చెవి గోక్కుంటోంది. చెవి గోక్కున్నందుకే తాడు దొరికిందని లెక్కేసుకుంది. ఆ పూటంతా నా కుక్క పరుగున వచ్చి, ఎదురుగా కూర్చుని, ఎంతో మర్యాదగా చెవి గోక్కుంది. పట్టీ ఉన్నప్పుడు ఆలస్యమన్నది లేదు, మనకు ఆ పట్టింపూ లేదు. ఇప్పుడు మంచిపని జరిగిన ఆ క్షణంలోనే చెప్పాలి. అంటే దాన్ని చూస్తూనే ఉండాలి.

రత్తమ్మ పిన్నికీ చెప్పాను, బస్తా ఎగిరితే అరవకుండా, తొయ్యకుండా గోడలా వెనక్కి తిరిగిపొమ్మని, నాలుగు కాళ్లూ కింద ఉన్నప్పుడే పలకరించమని. "నా కుక్కకి నేను ఈపు చూపించాలా, ఇదేం మర్యాదే" అంది. సాయంత్రానికి బస్తా ఆవిడ ఎదురుగా కుదురుగా నిలబడి ఉంది. తోక మాత్రం ఆగలేదు.

హస్త, ఆదివారం

పిలిస్తే వస్తోంది. వంతెన కూడా దాటుతోంది. అంతా అయిపోయిందనుకుని ఇవాళ నేనూ మా ఆయనా గవ్వను లంగరు తెప్ప మీదికి తీసుకెళ్లాం. తాత తన పీట మీద కూర్చుని ఉన్నాడు. మంగతాయారు గొలుసులు చూసుకుంటోంది.

గవ్వ చకచకా వంతెన దాటి తాత ఎదురుగా ఆగింది. తాత ముఖం విప్పారింది. ముందుకు వంగి, పైనుంచి చెయ్యి చాపాడు. గవ్వ నేలకు కరుచుకుపోయి వెనక్కి పాకింది. ఒక వెనక కాలు పలక అంచు జారి నీళ్లలోకి దిగింది. మా ఆయన ఒడిసి పట్టుకోకపోతే పడిపోయేదే. కింద దిగగానే మా తెప్పకేసి పారిపోయింది.

"తలలెక్కకి రాని ప్రాణి రానట్టేనండి" అంది మంగతాయారు మెల్లిగా. "తుఫాన్లో అది అలా ఎనక్కి పారిపోతే ఆ ఇరుకు వంతెన మీద ఎదురొచ్చేవాళ్ల గతేంటి? మీకు తెలీదని కాదు."

తెలుసు. తాత వైపు తిరిగాను. "తాతా, దానికి పైనుంచి చెయ్యి వత్తే భయమండి. మీరు చెయ్యి కిందకి పెట్టి కదలకుండా ఉంటే, అదే వచ్చి తాకుతాది. అలా అలవాటు చేత్తాను. లెక్క లెక్కే కదండి."

తాత చాలాసేపు తన చేతిని చూసుకున్నాడు. "ఈ చేత్తో ఎంతమందిని లెక్కెట్టాను వీరవేణీ. ఈ చెయ్యి పడ్డాకే నువ్వు ఏడో లంక కోడలివయ్యావు. ఇయ్యాళ నీ కుక్కకి చేదయ్యిందా?"

"చేదని కాదండి."

"మరేంటి? వచ్చినోళ్లు తల వంచుతారు. నేను చెయ్యేత్తాను. కుక్క ముందు నేను చెయ్యి దించాలా? నా వల్ల కాదమ్మా. ఎల్లు."

ఆయన గొంతులో కోపం లేదు. నొచ్చుకున్నాడు. ఆయన్ను నొప్పించానన్న బాధ ఇంటిదాకా నా వెంట వచ్చింది. సాయంత్రం మా ఆయన తన ప్రయాణపు సంచీ దులిపి ఆరేశాడు.

హస్త, గురువారం

తాత ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా నా వంతు పని నేను చెయ్యాలి కదా. మోకాలి పక్కన అరచెయ్యి పైకి తిప్పి పెట్టి, ఎటో చూస్తూ కూర్చున్నాను. గవ్వ చాలాసేపు అనుమానంగా చూసింది. చివరికి, ఖాళీ చేతిలో ఏముందోనని ముక్కు తగిలించింది. టక్కుమన్నాను. "పో, చూసుకో." తాడు దగ్గరికి పరుగు. తిరిగొచ్చి ఈసారి తానే ముక్కు తగిలించి నా వంక చూసింది. ఆ చూపు నేను ఈ ఆరేళ్లలో ఎరగను. ఏదో కనిపెట్టినదాని చూపు. నేను చెప్పినట్టు అది వింటోందో, అది చెప్పినట్టు నేను ఆడుతున్నానో తెలియలేదు కానీ, ఇద్దరికీ సంతోషంగానే ఉంది.

తరవాత రత్తమ్మ పిన్ని చేతితో అలవాటు చేశాను. మా ఆయన్నీ అడిగాను. ఆయన మోకాలి మీద అరచెయ్యి తెరిచి పెట్టాడు. గవ్వ ముక్కు ఆన్చి, గడ్డం కూడా దాంట్లో పెట్టేసింది. ఆయన కదలకుండా అలాగే కూర్చుండిపోయాడు.

"చూశారా, మనం అందుకోకపోతే అదే ఇస్తాది" అన్నాను.

"ఊఁ" అన్నాడు. కాసేపటికి, "బలవంతం లేదు కదా" అన్నాడు.

చిత్త, ఆదివారం

మధ్యాహ్నం భోజనాల వేళ సైరను మోగింది. మబ్బుగా ఉంది, గాలి కూడా కాస్త లేచింది. కసరత్తని తెలిసినా ముద్ద గిన్నెలోనే వదిలేసి పరుగెత్తాను.

మంగతాయారు మా తెప్ప చివర గవ్వ గొలుసు విప్పింది. నేను వంతెన మొదట్లో నిలబడి పిలిచాను. జనం ఉరుకులు పరుగులు, సైరను చెవులు చిల్లులు పడేలా మోగుతోంది. గవ్వ ఒక్కసారి పీపా వైపు చూసింది. రెండోసారి పిలవలేదు. పక్కకు తిరిగి, చేతులు దించి నిలబడ్డాను. వచ్చింది. టక్కుమన్నాను, ఆ సైరనులోనూ దానికి వినబడింది.

కుక్క ముందు నడవాలని నిబంధన, దానికోసం ఎవరూ వెనక్కి తిరగకుండా. గవ్వ, దాని వెనక మా ఆయన, ఆ వెనక నేను. నా వెనక లంకలో సగం మంది. అవతలి కొసన పీట మీద తాత, పక్కన ముందే దాటి వెళ్లిన మంగతాయారు.

గవ్వ ఆయనకు రెండడుగుల దూరంలో ఆగింది. తాత చెయ్యి పైకి లేచింది. గవ్వ చెవులు వెనక్కి పోయాయి.

"తాతా, ఆగండి" అన్నాను. అంతమందిలో, తలలెక్క దగ్గర, తాత చెయ్యి ఆపమన్న మనిషి ఏడో లంకలో నాకు ముందు ఎవరూ లేరు. "మీ చెయ్యి తక్కువని కాదండి. దానికి మీరంటే భయం లేదు, పైనుంచి దిగే చెయ్యంటేనే భయం. ఆరేళ్లు రోజూ నేనే భయపెట్టాను, తెలీక. ఒక్కసారి కిందకి పెట్టండి. రాకపోతే రేపు నేనే పడవెక్కిత్తాను."

తాత చెయ్యి గాలిలోనే ఉంది. ఆయన గవ్వను చూశాడు. మొదటిసారి దాని ముఖం చూశాడనుకుంటాను, ఎందుకంటే ఆయన ముఖం మారింది.

"నిజంగానే భయపడతంది" అన్నాడు ఎవరితోనో అన్నట్టు.

చెయ్యి దించాడు. మోకాలి పక్కన అరచెయ్యి పైకి తిప్పి పెట్టి, నేను చెప్పకుండానే మొహం పక్కకు తిప్పుకున్నాడు.

గవ్వ వెంటనే రాలేదు. గాలి వాసన చూసింది. ఒక కాలు ముందుకేసి, వెనక్కి తీసింది. మా ఆయన వీపు బిగుసుకోవడం నాకు కనబడుతోంది. మంగతాయారు పెదవి కొరుక్కుంటోంది. ఎవరూ పిలవలేదు, ఎవరూ తొయ్యలేదు. గవ్వ మెడ చాపి, ముక్కు కొసతో తాత అరచేతి మధ్యలో తాకింది.

టక్కుమన్నాను. "పో, చూసుకో." లంగరు గొలుసులకు పట్టిన తడి నాచు మీదికి ఎగిరిపోయింది.

తాత అరచేతిలో తడి మరక మిగిలింది. దాన్ని చూసుకుంటూ, "వచ్చింది" అన్నాడు. ఆ తరవాత గొంతు పెంచి మంగతాయారుకేసి, "రాసుకో, గవ్వ వచ్చింది" అన్నాడు. మంగతాయారు రాసుకుంది. పక్కనున్న తాడు పట్టుకున్నాను.

తరవాతి వంతు మా ఆయనది. ఆయన అలవాటుగా తల వంచాడు. తాత చెయ్యి కూడా అలవాటుగా పైకి లేచి, మధ్యలో ఆగింది.

"నీకెలా కావాలి దొరబాబూ?" అని అడిగాడు.

మా ఆయన తలెత్తాడు. పెద్దవాళ్లు చిన్నవాళ్లను అడిగే ప్రశ్న కాదది. అందరం తల వంచేవాళ్లమే. ఆయన ఎప్పట్లాగే ఊరుకుంటాడనుకున్నాను.

"ఆ రాత్రి నాకు ఎనిమిదేళ్లండి" అన్నాడు. "నా ఎనకాలే మా అమ్మ ఉంది. నా చొక్కా పట్టుకుని నడుత్తంది. మీరు నా తల మీద చెయ్యేసి వచ్చావన్నారు. ఆ చెయ్యి తరవాత మా అమ్మ మీద పడతాదని చూశాను. వేరేవాళ్ల మీద పడింది."

అత్తగారు మొదటి తుఫానులో పోయిందని నాకు తెలుసు. అంతకు మించి ఆయన ఏనాడూ చెప్పలేదు. వరసలో ఆయన వెనకే ఉందని, చొక్కా పట్టుకుని ఉందని ఇప్పుడే విన్నాను.

"అప్పట్నుంచీ మీ చెయ్యి పడితే ఎనక్కి తిరిగి చూడాలనిపిస్తాదండి. చూడాలంటే భయం."

"ఇన్నేళ్లూ చెప్పలేదేంరా" అన్నాడు తాత.

"ఎలా చెప్తానండి. చెయ్యొద్దంటే లెక్కలోకి రానట్టే కదండి."

తాత చెయ్యి దించి, గవ్వకు పెట్టినట్టే అరచెయ్యి పైకి తిప్పి మోకాలి పక్కన పెట్టాడు. దాన్ని అలాగే ఉంచి ఆగాడు. మా ఆయన తాళ్లు ముడేసి కాయలు కాచిన తన చెయ్యి ఆ చేతిలో పెట్టాడు.

"వచ్చావు" అన్నాడు తాత.

మా ఆయన వెనక్కి తిరిగి చూశాడు. వెనకాల నేనున్నాను.